మాటకారి

మా అమ్మమ్మకి సినిమావాళ్ళలో ఇద్దరంటే పడేది కాదు. ఒకరు సూర్యకాంతం, అది అందరిళ్ళల్లోనూ ఉన్నదే. రెండో మనిషి గొల్లపూడి మారుతీరావు. దూరదర్శన్ సినిమాలో ఆయన కనపడగానే "వచ్చీసాడమ్మా, ఇంకా పిల్ల గతి ఏటవుద్దో" అనేది. కత్తి పట్టుకునే విలన్లంటే ఆవిడకి లెక్కలేదు. నవ్వుతూ మాట్లాడేవాడంటేనే భయం.

నాకు భయం లేదు గానీ విసుగుండేది. ఇంత మాట్లాడతాడేంటి ఈ మనిషి అని. ఇంజనీరింగ్‌లో ప్రపంచ సినిమా అంతా హార్డ్‌డిస్కుల్లో రూముకి నడిచొచ్చిన రోజుల్లో ఓజు తీసిన 'లేట్ స్ప్రింగ్' చూశాను. కూతురికి పెళ్ళి చేసి పంపేసిన తండ్రి రాత్రి ఒక్కడే కూర్చుని ఆపిల్ చెక్కు తీస్తుంటాడు. చిషూ ర్యూ. ఒక్క మాట లేదు. ఇదీ నటనంటే, మన గొల్లపూడైతే ఆ ఆపిల్ మీద రెండు పేజీల డైలాగు చెప్పేవాడు అని జోకేశాను. రూమంతా నవ్వారు. ఆ జోకుని నేను చాలా ఏళ్ళు వాడుకున్నాను.

ఆయన నటుడిగా తెర మీదకొచ్చేసరికి 43 ఏళ్ళు. 1939లో విజయనగరంలో పుట్టాడు. ఇక్కడే ఆంధ్ర యూనివర్సిటీలో మేథమేటికల్ ఫిజిక్స్‌లో ఆనర్స్ చేశాడు (మనలో మాట, ఫిజిక్స్ చదివి సాహిత్యంలో పడ్డవాళ్ళంటే నాకు కొంచెం పక్షపాతం). ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్, తర్వాత రెండు దశాబ్దాలు ఆకాశవాణి. ఆ మధ్యలోనే నాటకాలు, కథలు, 1964లో 'డాక్టర్ చక్రవర్తి'తో మొదలుపెట్టి సినిమా రచన. 1982లో కోడి రామకృష్ణ తన మొదటి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'లో వేషం వేయించాడు. మనవాళ్ళు రిటైర్మెంట్‌కి ఇంకెన్నేళ్ళుందో లెక్కేసుకునే వయసులో ఈయన కొత్త నటుడు. అక్కణ్ణుంచి రెండొందల యాభైకి పైగా సినిమాలు.

ఈ వరసంతా తెలిశాక ఆ మాటల సంగతి వేరేగా వినపడటం మొదలైంది. అది రేడియో గొంతు. మైకు ముందు అరవక్కర్లేదు, ఊపిరి కూడా వినపడుతుందక్కడ. తెర మీద కూడా ఆయన హాలు మొత్తానికి మాట్లాడడు, ఒక్కరి చెవిలో మాట్లాడతాడు. వాక్యాన్ని తేలిగ్గా ఎత్తుకుని, ఆఖరి మాట దగ్గర చిన్నగా ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఉంది విలనీ అంతా. అప్పటి విలన్లు చాలామంది ఒంటితో భయపెట్టారు. ఈయన చదువుకున్నవాడిలా, నలుగురిలో మర్యాదస్తుడిలా భయపెట్టాడు. అలాంటివాడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు కాబట్టి అమ్మమ్మ భయం సరైనదే. పోతే ఇండస్ట్రీ ఆ గొంతుని అరగదీసింది. పరాయి ఆడపిల్ల మీద కన్నేసిన పెద్దమనిషి వేషాన్ని అన్నిసార్లు ఆయనతో వేయించడం దండగ. వచ్చిన వేషమల్లా ఒప్పుకోవడంలో ఆయన బాధ్యతా ఉంది.

చాలా ఏళ్ళకి హెచ్‌ఎమ్ టీవీలో 'వందేళ్ళ కథకు వందనాలు' వచ్చేది. మేకప్పు మనిషి కాదు, మామూలు మనిషిగా కథల గురించి మాట్లాడేవాడు. అమ్మమ్మ కాసేపు విని "వీడేటి, ఇంత మంచోడా" అంది. టీవీ కట్టమనలేదు.

నా జోకుకి జవాబు 1987లోనే వచ్చేసిందని నాకు ఆలస్యంగా తెలిసింది. 'సంసారం ఒక చదరంగం'. తమిళంలో విసు రాసి, తీసి, తండ్రి వేషం కూడా వేసిన సినిమాకి తెలుగు. ఇక్కడ తండ్రి పేరు అప్పలనరసయ్య. సింహాచలం అప్పన్న పేరు, మా వైపు వీధికి నలుగురుంటారు. డబ్బు లెక్కల దగ్గర తండ్రికీ పెద్దకొడుక్కీ చెడి, ఒకే ఇంట్లో గీత గీసుకుని బతుకుతారు. గొల్లపూడి ఇందులోనూ మాట్లాడతాడు, ఏమీ తగ్గడు. కానీ విలన్‌గా ఆయన మాట్లాడితే ఎదుటివాడు పడిపోతాడు. ఇక్కడ ఎంత మాట్లాడినా కొడుకు పడడు. మాట తప్ప వేరే ఆస్తి లేని మనిషికి ఆ మాట చెల్లకపోతే ఎలా ఉంటుందో ఆ గొంతులో తెలుస్తుంది. మా ఇళ్ళల్లో ఏ తండ్రీ మౌనంగా కూర్చుని ఆపిల్ చెక్కు తీయడు. అరుస్తాడు, లెక్కలు చెబుతాడు, అన్నం మానేస్తాడు. అది చూశాక ఆ జోకు మానేశాను.

ఇంక సముద్రం సంగతి. వైజాగ్‌లో ఏ ఇంజనీరింగ్ బ్యాచ్‌నడిగినా ఒక పేరు చెబుతారు. మా బ్యాచ్‌లోనూ ఒకడున్నాడు. ఫైనలియర్, ఆదివారం, భీమిలి రోడ్డులో ఒక బీచ్. రెండు వారాలకి వాళ్ళ నాన్న కాలేజీకొచ్చారు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. "ఆడి ప్రాజెక్టు ఎంతవరకొచ్చింది బాబూ?" అనడిగారు. మేం మిగతా ముగ్గురం అది పూర్తిచేసి, అట్ట మీద వాడి పేరు ముందు వేసి, బైండు చేయించిన కాపీ తీసుకెళ్ళి ఇచ్చాం. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఒక్కో పేజీ తిప్పి, "ఇందులో ఆడు రాసిందేది?" అన్నారు. వాడు రాసిన కోడ్ నడవలేదు, దాదాపు మొత్తం నేను తిరగరాశాను. ఆ మాట చెప్పలేదు. ఒక పేజీ తెరిచి చూపించాను. ఆయన దాని మీద చెయ్యి వేసి ఉంచారు.

1992 ఆగస్టు 12న గొల్లపూడి చిన్నకొడుకు శ్రీనివాస్ ఇదే తీరంలో తన మొదటి సినిమా 'ప్రేమ పుస్తకం' షూటింగులో ఉండగా సముద్రంలో పోయాడు. తండ్రి ఆ సినిమాని తీసుకుని తనే పూర్తిచేశాడు. 1993లో విడుదలైంది. హీరో అజిత్, తర్వాత తమిళంలో ఎంతవాడయ్యాడో మీకు తెలుసు. కొడుకు పేరు మీద ఒక అవార్డు పెట్టి, ఏటా ఆగస్టు 12న చెన్నైలో, ఏ భాషలోనైనా సరే మొదటి సినిమా తీసిన దర్శకుడికి ఇచ్చేవారు. 'తారే జమీన్ పర్'కి ఆమిర్ ఖాన్ కూడా అందుకున్నాడు. ఏడాదికోసారి, ఆ తారీఖునే, ఎవరి కొడుకో తీసిన తొలి సినిమాని మెచ్చుకుంటూ మాట్లాడటం. అంత మాటకారికైనా ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చేవో. 2019 డిసెంబరు 12న చెన్నైలో ఆయన పోయారు.

ఆ వారమే నేను 'ప్రేమ పుస్తకం' వెతికి చూశాను. గొప్ప సినిమా అని చెప్పను. అసలు సినిమాగా చూడలేదు కూడా, ఏ షాటు కొడుకుది, ఏది తండ్రిది అని వెతుక్కుంటూ కూర్చున్నాను. తండ్రి మాటల మనిషి కదా, డైలాగు ఎక్కువున్న చోటల్లా ఇది ఆయనదేమో అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడా నిలవలేదు. మర్నాడు ఆఫీసు నుంచొచ్చి, సౌండ్ తీసేసి మళ్ళీ మొదట్నుంచీ చూశాను. నాకైతే అతుకు కనపడలేదు.