కలకత్తా మైదానంలో పంచాయితీ

కలకత్తా చూడబోయే తెలుగువారి దగ్గర సాధారణంగా ఒక జాబితా ఉంటుంది. కాళీఘాట్‌లో అమ్మవారి దర్శనం, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, హౌరా వంతెన, విక్టోరియా మెమోరియల్, పిల్లలుంటే జంతు ప్రదర్శనశాల, తిరుగు ప్రయాణంలో ఒక డబ్బాడు రసగుల్లాలు. అన్నీ చూడవలసినవే, కాదనను. అయితే ఈ జాబితాల్లో ఎక్కడా కనబడని చోటు ఒకటుంది. దాన్ని చూడనివాడు ఊరిని చూశాడే గాని ఊరివాళ్ళను చూడలేదని నా అభిప్రాయం. 2001లో ఊరి పేరు అధికారికంగా కోల్‌కతా అయింది. అయినా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈనాటికీ కలకత్తా అనే అంటారు గనుక నేనూ అలాగే అంటాను.

ఎస్ప్లనేడుకు, హుగ్లీ నదికి నడుమ పెద్ద పచ్చిక బయలు ఉంది. దానికి మైదానమనే పేరు. నేల సైన్యం అధీనంలోనిది. అందులో ఒకవైపు, ఈడెన్ గార్డెన్సుకు కూతవేటు దూరంలో, ఫుట్‌బాల్ క్లబ్బులు వరుసగా ఉంటాయి. వాటిని అక్కడివాళ్ళు ‘తాంబు’ అంటారు, అంటే గుడారాలు. లోపల కుర్చీలూ, బల్లలూ, కప్పులు పెట్టిన అద్దాల బీరువాలూ ఉన్నా పేరు మాత్రం గుడారమే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఇక్కడే కంచె కట్టిన ఆటస్థలాలున్నాయి. ఒకప్పుడు టిక్కెట్టు దొరకనివాళ్ళు కోట పక్కనున్న మట్టిదిబ్బ మీద నిలబడి, అట్టముక్కలతో చేసిన పెరిస్కోపులు కంటికి ఆనించుకొని ఆట చూసేవారట!

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకుంది. మనవాళ్ళలో ఒక్కడు తప్ప అందరూ ఉత్తకాళ్ళతో ఆడారు. తెల్లదొరల్ని వాళ్ళ ఆటలోనే ఓడించిన ఆ రోజును బెంగాలీలు స్వాతంత్ర్య పోరాటంలో భాగంగానే లెక్కవేస్తారు. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు తూర్పు బెంగాలు నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షలాది జనానికి ఈ క్లబ్బు పేరులోనే పోయిన ఊరు వినిపించింది. ఎరుపు, పసుపు రంగుల చొక్కా వాళ్ళకు కొత్త ఊళ్ళో పాత చిరునామా అయింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ ఇళ్ళల్లో ఇలిష్ వండుతారు. మన గోదావరివాళ్ళు పులస అని ప్రాణం పెట్టే చేప అదే. మోహన్ బగాన్ గెలిస్తే అటువాళ్ళ ఇళ్ళల్లో రొయ్యలు. ఎవరు గెలిచారో రేడియో చెప్పనక్కరలేదు, చేపల బజారు చెబుతుందని అక్కడొక హాస్యం.

నన్ను అక్కడికి తీసుకువెళ్ళినవాడు మా పినతండ్రి కొడుకు. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు స్థిరపడిన సంగతి పాఠకులకు తెలిసిందే. మా తమ్ముడు బెంగాలీ గడగడా మాట్లాడతాడు. పైగా ఈస్ట్ బెంగాల్ భక్తుడు.

“అన్నయ్యా, విక్టోరియా మెమోరియల్ ఎక్కడికీ పోదు. ఇవాళ లీగు ఆట ఉంది, పద” అన్నాడు.

శ్రావణమాసం. మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది, వానా మొదలైంది. ఎదుటిది చిన్న జట్టు. మూడు నాలుగు గోల్స్ ఖాయమని గ్యాలరీలో అందరి ధీమా. ఈస్ట్ బెంగాల్ తరఫున ముందువరసలో ఉన్నవాడు ఇరవై ఏళ్ళు దాటని జిల్లా కుర్రాడు, తొమ్మిదో నంబరు. వరుసగా కొన్ని ఆటల నుంచి అతను గోలు కొట్టలేదని తమ్ముడు ముందే చెప్పాడు. మొదటి సగంలో పక్కనుంచి బంతి చక్కగా గాలిలో లేచి వచ్చింది. కుర్రాడు ఎగిరి తలతో కొట్టాడు. బంతి గోలుకర్రల పైనుంచి పోయింది. రెండో సగంలో గోల్‌కీపరు జారిపడ్డాడు, ఎదురుగా గోలు ఖాళీ. కుర్రాడు కొట్టిన బంతి బురదలో చతికిలబడి, కర్ర పక్కనుంచి నత్తలా దొర్లిపోయింది. గ్యాలరీ అంతా నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆట గోలు లేకుండానే ముగిసింది.

పాతకాలంలో గెలుపుకు రెండు పాయింట్లు, సరిసమానమైతే ఒకటి. ఇంగ్లండు లీగులో 1981లోనూ, ప్రపంచ కప్పులో 1994లోనూ గెలుపుకు మూడు చేశారు. ఇప్పుడు అంతటా అదే లెక్క. కాబట్టి ఆట సరిసమానమైతే చేజారేది ఒకటి కాదు, రెండు పాయింట్లు. ఆ రెండింటి కోసమే ఆట అయ్యాక బయట టీకొట్టు దగ్గర పంచాయితీ కూర్చుంది.

మట్టి ముంతల్లో టీ, కాగితప్పొట్లాల్లో బొరుగులు. బల్ల మీద నలుగురు, చుట్టూ గొడుగుల కింద పదిహేనుమంది. మొదట నోరు విప్పినవాడు బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక బొద్దుపాటి మనిషి.

“తొమ్మిదో నంబరు చొక్కా వాడికి ఎవరిచ్చారయ్యా? ఖాళీ గోలు! మా ఆవిడైనా కొట్టేది!”

“మీ ఆవిడను వానలో నిలబెట్టి చూడండి కాకూ, అప్పుడు తెలుస్తుంది” అన్నాడొక కాలేజీ కుర్రాడు. కాకూ అంటే బాబాయి. అక్కడ పరిచయం లేకపోయినా వరసలు మాత్రం ఉంటాయి.

“వాణ్ణి తీసెయ్యాలి. ఇంకొకణ్ణి దింపాలి. ఇవాళ రెండు పాయింట్లు, మొన్న రెండు. లీగు చివర ఈ నాలుగు పాయింట్ల కోసమే ఏడుస్తాం, చూస్తూ ఉండండి.”

పక్కన సన్నటి మనిషి ఒకడు జేబులోంచి నోటుబుక్కు తీశాడు. వానకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. ప్రతి ఆటకూ వచ్చి, గోలు ముందు పెనాల్టీ ఏరియాలో ఎవరికి ఎన్నిసార్లు బంతి అందిందో రాసుకోవడం ఆయన అలవాటట.

“ఇవాళ మొత్తం మీద వాడికి అక్కడ బంతి అందింది నాలుగుసార్లు. అందులో రెండు పోగొట్టాడు. తప్పే. మిగతా రెండుసార్లూ ముగ్గురు చుట్టుముట్టారు. చిన్న జట్టు పదిమందినీ గోలు ముందే పాతేసింది. మనవాళ్ళు దూరం నుంచి గాలిలోకి బంతులు లేపుతున్నారు. అవి డిఫెండర్లకు ఫలహారం. బంతి రావడం లేదని వీడు మధ్యగీత దాకా వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. తీరా బంతి గోలు ముందుకు వచ్చేసరికి వీడక్కడ ఉండడు. వడ్డించేవాడు లేకుండా తినలేదేమని అడిగితే ఎలా?”

ఈ మాట బల్ల చివర కూర్చున్న పెద్దాయనకు నచ్చింది. ఎనభై దాటినవాడు. ఆయన్ని అందరూ జెఠూ, అంటే పెదనాన్న, అంటున్నారు.

“మా నాన్న భుజాల మీద కూర్చొని పంచపాండవుల్ని చూశాను. కుడివైపు వెంకటేశ్, పక్కన అప్పారావు, నడుమ ధనరాజ్, ఎడమన అహ్మద్ ఖాన్, చివర సాలే. 1949, 50, 51 — వరసగా మూడేళ్ళు షీల్డు మనదే. ధనరాజ్ గోల్స్ కొట్టాడని చెప్పుకుంటాం. అప్పారావు, అహ్మద్ అందించకపోతే అతనేం కొడతాడు?”

అప్పారావు పేరు వినగానే నేను నిటారుగా కూర్చున్నాను. మా తమ్ముడు నన్ను చూపించి, “మావాళ్ళది హైదరాబాదు జెఠూ” అన్నాడు. అంతే, పెద్దాయన ముఖం విప్పారింది.

“హైదరాబాదా! రహీమ్ సాబ్ ఊరు! బలరామ్ ఊరు!”

బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే భారత జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి నడిపించాడు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈ రెండు జట్లలోనూ ఆడాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్. జబ్బు చేసి చిన్నవయసులోనే ఆట మానినా బెంగాలును వదల్లేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మన ఊళ్ళల్లో ఆ పేరు చెబితే ‘ఎవరాయన?’ అంటారు. ఇక్కడ టీకొట్టు దగ్గర ఆయన పేరు చెప్పి నాకు రెండో ముంత టీ ఉచితంగా పోశారు. సంతోషమూ కలిగింది, కొంచెం సిగ్గూ వేసింది.

బ్యాంకాయన మాత్రం వదల్లేదు.

“పాత కబుర్లు సరే. తిట్టు పడితేనే ఫార్వర్డుకు కాలు లేస్తుంది. 1997 జూలై 13 మరిచిపోయారా? ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్ఫైవేలకు పైగా జనం. ఆటకు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా భైచుంగ్ పేరును ‘చుంగ్ చుంగ్’ అని వెక్కిరించాడు. ఏమైంది? భైచుంగ్ మూడు గోల్స్ కొట్టాడు. మనం 4–1తో గెలిచాం!”

చుట్టూ ఈలలు వేశారు. జెఠూ చల్లారిన టీ ఒక గుక్కలో తాగి, ముంత పక్కన పడేసి, నెమ్మదిగా అన్నాడు:

“భైచుంగ్‌ను వెక్కిరించింది ఎదుటివాళ్ళు. మనవాళ్ళు కాదు. ఆ రోజు గ్యాలరీలో సగం అతని వెనక ఉంది. ఈ కుర్రాడి వెనక ఇవాళ ఎవరున్నారు?”

ఎవరూ మాట్లాడలేదు.

“1948 లండన్ ఒలింపిక్సులో ఫ్రాన్సు మీద 2–1తో ఓడాం. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. అందులో ఒకటి శైలేన్ మన్నా కొట్టాడు. అప్పుడే అతణ్ణి ఇంటికి పంపేసి ఉంటే? 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన కెప్టెన్ ఎవరు? ఆ మన్నాయే!”

“మన్నా మోహన్ బగాన్ మనిషి జెఠూ!” అని కాలేజీ కుర్రాడు గుర్తుచేశాడు.

“తెలుసులేరా. అందుకే గట్టిగా చెప్పలేదు” అన్నాడు పెద్దాయన. బల్లంతా నవ్వింది. బ్యాంకాయన కూడా నవ్వాడు.

ఈ నవ్వులకు వెనక ఒక చీకటి రోజు ఉందని తమ్ముడు నాకు తెలుగులో చెప్పాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో ఈ రెండు జట్ల ఆటలో అభిమానుల కొట్లాట తొక్కిసలాటగా మారి పదహారుమంది చనిపోయారు. ఉదయం అన్నం తిని ఆట చూడబోయినవాళ్ళు సాయంత్రానికి ఇంటికి చేరలేదు. వాళ్ళ జ్ఞాపకార్థం ఏటా ఆ రోజున ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానం చేస్తారు. అభిమానం ఎక్కడ ఆగాలో ఆ ఊరు చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. జెఠూ వంటివాళ్ళు బల్ల చివర కూర్చొని ఒక కంట కనిపెట్టుకొని ఉండడం ఊరికే కాదనిపించింది.

అంతలో క్లబ్బు గేటు తెరుచుకుంది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. చివరికి తొమ్మిదో నంబరు కుర్రాడు. భుజాన సంచి, తడిసిన జుట్టు, నేలను చూస్తున్న చూపు. మమ్మల్ని దాటుకొని పోవాలి, వేరే దారి లేదు. మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

బ్యాంకాయన లేచాడు. నాకు గుండె గుభేలుమంది.

“ఏమయ్యా, మొదటి సగంలో తలతో కొట్టినప్పుడు కళ్ళు మూసుకున్నావు కదూ?” అన్నాడు.

కుర్రాడు ఆగాడు. “అవును కాకూ. వాన నేరుగా కళ్ళల్లో పడింది.”

“బంతి నుదుటికి తగిలేదాకా కళ్ళు మూయకూడదు. ఎంత వాన పడ్డా సరే.”

“అలాగే కాకూ.”

“మోకాలికి ఆ కట్టేమిటి?”

“కొంచెం వాచింది.”

“మళ్ళీ ఆట ఎప్పుడు?”

“శనివారం. కల్యాణిలో.”

“ఊఁ. మంచిది. వెళ్ళు, వానలో నిలబడకు.”

కుర్రాడు తలవూపి, గొడుగు లేకుండానే ఎస్ప్లనేడు వైపు నడిచిపోయాడు. నోటుబుక్కాయన పుస్తకాన్ని మళ్ళీ ప్లాస్టిక్ సంచిలో చుట్టాడు. ఇక పంచాయితీ తీర్పు చెబుతుందని నేను చెవులు రిక్కించాను. తీసెయ్యాలా, ఉంచాలా? వాళ్ళేమో ఇంకేదో మాట్లాడుకుంటున్నారు. కల్యాణి అంటే సియాల్దా నుంచి లోకల్ బండిలో పోవాలి. శనివారం ఎన్ని గంటల బండి పట్టుకుంటే మొదటి ఈలకు ముందే చేరతాం, ఎవరు టిక్కెట్లు తీసుకోవాలి, జెఠూకు కిటికీ పక్కన సీటు ఎవరు పడతారు — ఇదీ చర్చ. అన్నిటికన్నా ముందటి బండికే పోదామని పట్టుబట్టినవాడు బ్యాంకాయన.

హౌరాకు బస్సులో వస్తూ నేను ఆ బల్ల గురించే ఆలోచించాను. మన ఇళ్ళల్లోనూ మార్కులు తగ్గిన పిల్లలుంటారు, ఉద్యోగంలో కాలు నిలవనివాళ్ళుంటారు. వాళ్ళకూ మన బల్ల మీద పంచాయితీలు జరుగుతూనే ఉంటాయి. తిట్లకు మనకేమీ కరువు లేదు. తరవాతి ఆటకు ముందటి బండి ఎక్కేవాళ్ళు ఎందరన్నదే లెక్క.

మీరు వానాకాలంలో కలకత్తా వెళ్ళేట్లయితే ఎస్ప్లనేడు మెట్రో స్టేషనులో దిగి పడమటి వైపు నడవండి. గొడుగు మరిచిపోకండి. లీగు ఆట ఉన్న రోజైతే జనమే దారి చూపిస్తారు. ఆట అయ్యాక టీకొట్టు దగ్గర ఒక ముంత టీ కొనుక్కొని కూర్చోండి. ఎవరైనా మీకు ఏ చేప ఇష్టమని అడిగితే మాత్రం తొందరపడి జవాబు చెప్పకండి. శాకాహారులమని చెప్పడం అన్నివిధాలా క్షేమం.