పట్టెడు గింజలు

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమునకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర ఆ నామము కలిగినదని చెప్పుదురు. 1550 మొదలు 1580 వరకు రాజ్యము చేసిన ఆ ప్రభువును తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొనిరి. ఊరికి పేరు తెచ్చిన పెద్దచెరువు నేటికిని ఉన్నది. నీరు నిండిన యేట కొంగలు గుంపులుగా వచ్చి అందు వ్రాలును. చుట్టుపట్ల చేలలో గువ్వలును, పిచ్చుకలును రాలిన గింజల నేరుకొని తిరుగును.

పూర్వము పల్లెలలో ఇంటి వసారాకు వరికంకుల కుచ్చును వ్రేలాడదీయు ఆచారముండెడిది. పిచ్చుక వచ్చి నచ్చిన గింజను వలుచుకొని తినును. నచ్చనిదానిని విడిచి ఎగిరిపోవును. స్వేచ్ఛగల పక్షికి లోకమంతయు గాదెయే. పంజరములోని పక్షి సంగతి అట్లు కాదు. దానికి గాదె యొక్కటే. ఆ గాదె తాళము మనుష్యుని చేతిలో నున్నది.

ఆ ఊరిలో ఒక యింట, ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు రెండు బడ్జరీగర్ పక్షులను పెంచుచుండెను. మన పట్టణములలో వీనిని లవ్ బర్డ్స్ అని అమ్ముదురు గాని, నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండమునకు చెందినవి. బడ్జరీగర్లు ఆస్ట్రేలియా దేశపు పక్షులు. జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీనిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. అచటినుండి అవి లోకమంతట వ్యాపించినవి. బాలుడు మొదట రామచిలుకనే కోరెను. కాని మన చిలుకను పంజరమున బంధించుట వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము గనుక, తండ్రి వీనిని కొనియిచ్చెను.

ఈ పక్షుల ముఖ్యాహారము కొర్రలు, సజ్జలు, వరిగలు మొదలగు చిరుధాన్యములు. తరతరాలుగా తెలంగాణ మెట్టచేలలో పండు పంటలే యివి. వీనిపై పరిశోధనలు చేయు భారతీయ చిరుధాన్య పరిశోధన సంస్థ ఈ జిల్లాలోని రాజేంద్రనగరముననే కలదు.

ఎండకాలము చివర ఒకనాడు కొర్రలు చౌకగా దొరకినవని బాలుడు ఐదు కిలోలు కొనెను. పాత గింజలు అడుగున మిగిలియున్న రేకుడబ్బాలోనే వానిని పోసి, మూత పెట్టి, వంటింటి మూల నుంచెను. తొలకరి వచ్చినది, ఆషాఢము గడిచినది, శ్రావణము ప్రవేశించినది. ఒక ఉదయమున మూత తీయగనే బూడిదరంగు రెక్కల పురుగులు నాలుగు ముఖముపైకి ఎగిరినవి. లోపల గింజలు సన్నని దారములతో ఉండలు కట్టియుండెను. వాని నడుమ తెల్లని పురుగులు కదలుచుండెను. రెండు దినములుగా ఒక పక్షి ఈకలు పొంగించుకొని, తిండి ముట్టక, మూల కూర్చుండుట బాలునికి అప్పుడు స్ఫురించెను.

అతడు చెప్పులు తొడుగుకొని వీధిలోనికి పోబోగా, అవ్వ చూచి, “ఎక్కడికి, నాయనా?” అని యడిగెను.

“పొరుగింట బియ్యపు బస్తాలలో వేయు మాత్రలున్నవట, అవ్వా! ఒక్కటి తెచ్చి డబ్బాలో వేసిన పురుగులన్నియు చచ్చును.”

“పురుగును చంపు గాలి పిట్టను విడుచునా? ఇంటిలోనున్న మనలను విడుచునా?”

బాలుడు నిలిచిపోయెను.

అవ్వ మాట అక్షరాల సత్యము. ఆ మాత్రలు అల్యూమినియం ఫాస్ఫైడ్‌తో చేయబడినవి. గాలిలోని తేమ తగిలినంతనే వానినుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. శిక్షణ పొందినవారు మూసివేసిన గిడ్డంగులలో వాడవలసిన మందది. నివాసగృహములలో వాడదగినది కాదు. పక్షులకు విషవాయువులు మనకంటె శీఘ్రముగ సోకును. ఈ సంగతి నెరిగియే బ్రిటను దేశపు బొగ్గుగనులలో, హాల్డేన్ అను శాస్త్రజ్ఞుని సలహాపై, కెనరీ పక్షులను లోనికి గొనిపోవు ఆచారము మొదలైనది. పిట్ట తూలిన కార్మికులు పైకి పరుగెత్తెడివారు. 1986లో గాని ఈ పద్ధతిని విరమింప నిర్ణయము జరుగలేదు.

“మూత పెట్టితిని గదా, పురుగు లెట్లు వచ్చినవి?” అని బాలుడడిగెను.

“నీవు మూత పెట్టక ముందే వచ్చినవి, నాయనా!” అని అవ్వ నవ్వెను.

నిజమే. గింజలతోడనే పురుగు గ్రుడ్లు చేలనుండియో, అంగడి బస్తాలనుండియో ఇంటికి చేరును. కొర్రలలో గూడు కట్టినది బియ్యమునకు పట్టు రెక్కల పురుగు. అది నూరుకు పైగా గ్రుడ్లు పెట్టును. వెచ్చని దినములలో గ్రుడ్డు రెక్కల పురుగగుటకు ఇంచుమించు నెలన్నర చాలును. జొన్నలను, మొక్కజొన్నలను పట్టు ముక్కుపురుగు మరింత గడుసుది. గింజకు చిన్న బెజ్జము చేసి, అందు గ్రుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసివేయును. చూచువారికి గింజ చక్కగానే కనిపించును.

బాలుడు కాగితము తీసి లెక్క వేసెను. ఒక్కొక్క పక్షికి దినమునకు పది గ్రాముల చొప్పున రెండింటికి ఇరువది గ్రాములు. ఐదు కిలోలు 250 దినములకు వచ్చును. ఆ యెనిమిది నెలలలో పురుగులకు ఐదు తరములు గడచును. చౌకబేరము పురుగులకు విందైనది.

పురుగులు తినుటతోనే కీడు ముగియదు. వాని శ్వాసచే గింజలలో వేడియు, తేమయు పెరుగును. తేమ వలన బూజు పుట్టును. కొన్ని బూజులు విషమును గూడ పుట్టించును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు అంతుపట్టని జబ్బుతో మరణించెను. వాని మేతలోని వేరుసెనగ పిండికి బూజు పట్టుటయే కారణమని పిమ్మట తేలినది. ఆ విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి.

అవ్వ కొర్రలను చేటలో పోసి వాసన చూచెను. బూజు వాసన తగిలినది. కోళ్లకు సైతము వేయనీయక గోతిలో పూడ్పించెను. పక్షిని పశువైద్యునికి చూపగా, ఆయనయు మేత మార్చుమనియే చెప్పెను. డబ్బాను వేడినీటితో కడిగి, అంచుల సందులు తుడిచి, ఎండలో ఆరబెట్టిరి. క్రొత్త గింజలు ఒక నెలకు సరిపడునన్నియే తెచ్చిరి. వానిని జల్లించి, ఎండకాసిన దినమున నల్లని గుడ్డపై పలుచగా పరచి, మాటిమాటికి కలిపిరి. గింజల వేడి 50 డిగ్రీలు దాటిన పురుగులు నిలువజాలవు. నోట వేసి కొరికిన గింజ పటుక్కుమనవలెనని అవ్వ పరీక్ష. చల్లారిన పిదపనే డబ్బాకెత్తిరి. వేడిగింజలపై మూత పెట్టిన లోపల చెమ్మ పట్టును. నీడనెండిన వేపాకును గుడ్డమూటగా గట్టి పైన నుంచిరి. వేపాకు క్రొత్త పురుగును కొంత దూరముంచునే గాని, గింజలోని గ్రుడ్డును చంపదు. ఎండలేని దినములలో గింజలను సంచిలో కట్టి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిగల ఫ్రీజరులో ఒక వారముంచుటయు మంచి ఉపాయమే. వెలుపలికి తీసిన సంచి చలి వీడువరకు విప్పరాదు.

వారము గడువక మునుపే మూలనున్న పక్షి గిన్నె యొద్దకు వచ్చి గింజ వలువసాగెను. బాలుడు డబ్బాపై గింజలు కొన్న తేదీని వ్రాసి యుంచెను. నాటినుండి ప్రతి ఆదివారము మూత తీసి, గింజలను చేట కెత్తి చూచుట అతనికి అలవాటయ్యెను.

పెంచుట యనగా తిండి పెట్టుట మాత్రమే కాదు. పెట్టెడి తిండిని పరీక్షించి పెట్టుట. నోరులేని ప్రాణి మనలను నమ్మి, ముందుంచిన పట్టెడు గింజలనే తినును. ఆ నమ్మకమును నిలుపుకొనుట పెంచువారి విధి.