అమ్మ కడియాలు

నేను వేదాంత పాఠశాలలో చేరిన ఏడు అమ్మ తన కాళ్ల కడియాలు తీసి విజయనగరం బజారులో అమ్మింది. కంసాలి తూచి, మా కళ్లెదుటే మూసలో వేశాడు. వాటి ఫోటో ఒక్కటీ లేదు.

అందుకే సాలూరు వైపు ఊళ్లకు వెళ్లినప్పుడు కెమెరా వెంట ఉంటుంది. ముసలమ్మలు పెట్టెలు తెరచి కంటెలు, మురుగులు, రూపాయల దండలు చూపిస్తారు. ఆనాటి రూపాయి బరువు సరిగ్గా తులం. 1939 వరకు దానిలో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండే. 1940లో సగానికి తగ్గించారు. అందుకే పాత రూపాయలకు అంత విలువ.

ఎండలో వెండి మెరిసిపోయి పనితనం కనబడదు. అరుగు నీడలో నల్లగుడ్డ పరచి ఫోటో తీస్తాను. ముందుగా చింతపండుతో తోమవద్దంటాను. సందుల్లో నలుపు ఉంటేనే చెక్కడం తేలుతుంది.

మొన్న ఒక మామ్మ కంటె నా చేతిలో పెట్టి, "మనవడి ఫీజుకి అమ్మేస్తన్నాను అయ్యగారూ" అంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నా చదువూ అలాంటి వెండితోనే సాగింది కదా! ఫోటో తీసి ఇచ్చాను. ఆమె దాన్ని కొంగుతో తుడిచి పెట్టెలో దాచుకుంది.

ప్రియ చదువరులారా, మీ ఇంటి పాత వెండిని అమ్మక తప్పకపోతే ముందు ఒక ఫోటో తీయించండి. అది ఎవరిదో, ఎప్పుడు చేయించారో వెనుక రాయండి. వెండి మళ్లీ కొనవచ్చు. అమ్మ తొడుక్కున్నది మళ్లీ రాదు.