కనుబొమ్మ ఎందుకు గీసుకున్నాను?

నన్ను చూసి నవ్విన వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ఎడమ కనుబొమ్మ ఏమైందని తొమ్మిదో తరగతి వాళ్లే కాదు, వంట చేసే అక్క కూడా అడిగింది.

జనవరిలో నిజామాబాద్‌లో కరాటే పోటీకి పోయిన. మొదటి ఆటలోనే ఓడిపోయిన. ఎదుటివాడు కొట్టకముందే నేను వెనక్కి జరిగి గీత దాటిన. ఆ రాత్రి, బడి మానేసి బాపుతో చెరకు కొట్టడానికి పోతానని కరాటే సార్‌తో చెప్పిన. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డప్పటి నుండి బాపు దూరపు ఊర్లకు పోయి చెరకు కొడుతున్నాడు. ఇంకో కత్తి తోడైతే ఇంటికి ఆసరా గదా అనుకున్న.

సార్ తిట్టలేదు. మసుతాత్సు ఒయామా గురించి చెప్పాడు. ఆయన 1923లో కొరియాలో పుట్టి, జపాన్‌లో కరాటే నేర్చుకున్నాడు. సాధన కోసం కొండల్లోకి పోయాడు. తోడు వచ్చినవాడు మధ్యలోనే దిగిపోయాడు. తనకూ దిగిపోవాలనిపిస్తే ఒక కనుబొమ్మ గొరిగేసుకున్నాడట. ఆ మొఖంతో మనుషుల్లోకి ఎట్లా పోతాడు! 1947లో జపాన్‌లో కరాటే పోటీ గెలిచాడు. గెలిచినంక ఎవరైనా ఊరుకుంటారు. ఆయన మళ్లీ కొండెక్కి ఏడాదిన్నర ఉన్నాడు. అప్పటి పోటీల్లో దెబ్బను ఒంటికి తగలకముందే ఆపేవాళ్లు. ఆయనకు అది చాలలేదు. దెబ్బ నిజంగా తగలాలి, తట్టుకొని నిలబడాలి అని సొంత పద్ధతి పెట్టాడు. చేత్తో మొఖం మీద మాత్రం కొట్టొద్దు. దాని పేరు క్యోకుషిన్, అంటే పరమ సత్యం. 1964లో దానికి అంతర్జాతీయ సంస్థ పెట్టాడు, 1994లో చనిపోయాడు. ఎద్దులతో కూడా కొట్లాడాడని సార్ చెప్తే నాకు నచ్చలేదు. ఎద్దు ఏం చేసింది పాపం!

తెల్లారి నేను బ్లేడు తీసుకున్న. తర్వాత వార్డెన్ సార్ నన్ను ప్రేయర్‌లో నిలబెట్టింది మీరంతా చూసిందే.

ఆదివారం బాపు వచ్చాడు. చేతుల నిండా చెరకు ఆకు కోసిన గీతలు. నా మొఖం చూసి "రోగమేమన్న వచ్చిందా బిడ్డా?" అని భయపడ్డాడు. అంతా చెప్పిన. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"గాయన మంది కంట పడొద్దని గీసుకున్నడు. నేను చూడనే చూస్తిని గద. ఇగ నిన్ను తోల్కపోవాల్నా?" అన్నాడు.

"వద్దు" అన్న.

యాడి పంపిన జొన్నరొట్టెలు చేతిలో పెట్టి, బస్సుకు టైమైందని పోయాడు.

కనుబొమ్మ సగం మొలిచింది. సాధనలో ఇప్పటికీ నా అడుగు వెనక్కే పడుతుంది. నిన్న మాత్రం భుజానికి దెబ్బ తగిలినా గీత దాటలేదు.