లైట్‌హౌస్‌కు గొంతు

సముద్రం మీద సంగీతం కట్టడం ఏమంత కష్టం కాదని నా అనుమానం. సెల్లోలు కింది నుంచి ఉబికితే అల, పైన తాళాలు మోగితే నురగ. స్వరకర్త డెబ్యుసీ తన ‘లా మేర్’ (సముద్రం) మొదలుపెట్టింది ఒడ్డున కూర్చుని కాదు, సముద్రానికి ఎంతో దూరంగా బర్గండీ పల్లెలో. మెండెల్సన్ 1829 ఆగస్టులో స్కాట్లాండ్ పడమటి దీవులకు వెళ్లి, పడవలో కడుపు తిప్పి నానా అవస్థ పడ్డాడు. ‘హెబ్రిడీస్’ ఓవర్చర్‌లో ఆ వాంతుల ఊసే లేదు.

చిక్కంతా లైట్‌హౌస్‌తోనే. వెలుగుతుంది, ఆరుతుంది, అంతే. దాన్ని ఏ వాయిద్యంతో పలికిస్తారు?

మెండెల్సన్ వెళ్లిన ఆ దీవులకే ఇంకా పడమరగా ఫ్లానన్ దీవులున్నాయి. అక్కడ 1899 డిసెంబరులో లైట్‌హౌస్ వెలిగింది. ఏడాది తిరగ్గానే 1900 డిసెంబరు 26న, వాతావరణం బాగాలేక ఆలస్యంగా చేరిన ‘హెస్పరస్’ నౌకకు ముగ్గురు కాపలాదారుల్లో ఒక్కరూ కనబడలేదు. పెద్ద కెరటం లాక్కుపోయి ఉంటుందని దర్యాప్తు చేసిన అధికారి తేల్చాడు. సగం తిని వదిలేసిన భోజనం, తలకిందులైన కుర్చీ అని జనం ఇప్పటికీ చెప్పుకునేవి తర్వాత వచ్చిన ఒక పద్యం పుణ్యం. నిజానికి వంటగది శుభ్రంగా సర్దే ఉంది.

ఈ కథనే, పాత్రల పేర్లు మార్చి, పీటర్ మాక్స్‌వెల్ డేవిస్ ‘ది లైట్‌హౌస్’ అనే చిన్న ఆపెరాగా మలిచాడు. ఆయన స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో కాపురమున్నవాడు. 1980లో ఎడిన్‌బరోలో తొలిసారి ఆడింది. గాయకులు ముగ్గురే, వాద్యకారులు పన్నెండుమంది.

మొదట విచారణ. నౌక అధికారులు ముగ్గురూ సాక్ష్యం చెబుతుంటారు. అడిగేవాడు మనిషి కాదు, ప్రేక్షకుల మధ్య కూర్చున్న హార్న్! ప్రశ్నకు మాటలుండవు, జవాబు విని ప్రశ్న మనమే ఊహించుకోవాలి. న్యాయస్థానాన్ని ఇంత తక్కువ ఖర్చుతో రంగస్థలం మీద పెట్టినవాళ్లు అరుదు. తర్వాత ఆ ముగ్గురు గాయకులే కాపలాదారులవుతారు. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసి విసిగినవాళ్లు. పొద్దుపోవడానికి తలా ఒక పాట అందుకుంటారు: ఒకడికి బాంజో, ఒకడికి శ్రుతి తప్పిన పియానో, ఒకడికి బాకాల భజన. వినోదం కోసం మొదలెట్టిన ఆ పాటల్లోంచే ఎవరి పాపం వాళ్లకు గుర్తొస్తుంది. చివరికి తమను తీసుకెళ్లడానికి వస్తున్న నౌక దీపాలే వాళ్లకు మృగం కళ్లలా కనిపిస్తాయి.

దీపానికి మాత్రం డేవిస్ రాగం కట్టలేదు, లయ ఇచ్చాడు. ఇప్పుడది మనుషుల్లేకుండా వెలుగుతోందని విచారణ ముగిసేచోట చెబుతారు. ఆ మెరుపుల లెక్కను ఆర్కెస్ట్రా అందుకుంటుంది. అసలు ఫ్లానన్ దీపానికీ 1971 నుంచి కాపలాదారులు లేరు. ముప్ఫై సెకన్లకు రెండు మెరుపులు, అంతే.

రికార్డింగులో వింటే ఒక నష్టముంది. హాల్లోనైతే హార్న్ మన వరుసలోంచి అడుగుతుంది కాబట్టి విచారించేది మనమే. హెడ్‌ఫోన్లలో అది మిగతా పదకొండుమందితో కలిసిపోయి, మనల్ని సాక్షులుగా మిగులుస్తుంది.