తలుపులు లేని ఉత్సవం

ఢాకా నగరం నడిబొడ్డున ఇంచుమించు 68 ఎకరాలలో విస్తరించిన ఉద్యానవనం రమ్నా. అక్కడి చెరువు ఒడ్డున ఉన్న మహావృక్షం కింది స్థలాన్ని నగరవాసులు ‘రమ్నా బటమూల్’ అని పిలుస్తారు. మర్రిచెట్టు మొదలు అని దాని అర్థం. నిజానికి ఆ చెట్టు మర్రి కాదు, రావి. అయినా వాడుకలో స్థిరపడిన పేరును దిద్దాలని ఎవరికీ అనిపించలేదు. బెంగాలీ నూతన సంవత్సర దినమైన పొయిలా బైశాఖ్ నాడు ఆ చెట్టు నీడన సూర్యోదయంతో పాటు సంగీతం మొదలవుతుంది. ఎర్రంచు తెల్లచీరలు కట్టిన స్త్రీలు, పిల్లలను భుజాలపై ఎక్కించుకున్న తండ్రులు, వృద్ధులు, విద్యార్థులు తెల్లవారక ముందే చేరుకుంటారు. టిక్కెట్టు లేదు, ఆహ్వాన పత్రిక లేదు. ముందు వచ్చినవారు ముందు కూర్చుంటారు.

ఈ ఆనవాయితీని నెలకొల్పినది ప్రభుత్వం కాదు. నాటి తూర్పు పాకిస్థాన్‌లో పాలకుల అయిష్టాన్ని లెక్కచేయక 1961లో రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతిని జరిపినవారు, ఆ వెంటనే ఛాయానట్ అనే సంస్థను స్థాపించారు. ఒక రాగం పేరే ఆ సంస్థకు పేరయింది. ప్రముఖ కవయిత్రి సుఫియా కమాల్, గాయని, విదుషి సంజీదా ఖాతూన్, సంగీతజ్ఞుడు వహీదుల్ హక్ దానికి ప్రాణం పోసినవారిలో ముఖ్యులు. 1967లో ఈ సంస్థ తొలిసారి రమ్నాలో నూతన సంవత్సరాన్ని పాటతో స్వాగతించింది. అది జరిగిన రెండు నెలలకే, రవీంద్రుని పాటల ప్రసారాన్ని రేడియోలో పరిమితం చేస్తామని పాకిస్థాన్ సమాచార మంత్రి జాతీయ శాసనసభలో ప్రకటించారు. ఆ కవి రచించిన గీతమే కొద్ది సంవత్సరాలలో బంగ్లాదేశ్ జాతీయ గీతమైంది. రేడియో తాళం సర్కారు చేతిలో ఉండేది. తోటలో చెట్టుకింది పాటకు తాళం వేయడం అంత సులభం కాలేదు.

ఆ తోట మాత్రం పాలకులు తీర్చినదే. మొగలాయిల కాలం నాటి ఉద్యానాలు శిథిలమై అడవి కమ్ముకోగా, 1825లో ఢాకా మేజిస్ట్రేటు చార్లెస్ డాస్ ఖైదీల చేత ఆ అడవిని నరికించి, పక్కనే గుర్రప్పందేల మైదానం ఏర్పాటు చేయించాడు. దొరల వినోదానికి ఏర్పడిన ఆ మైదానంలోనే 1971 మార్చి 7న షేక్ ముజిబుర్ రహమాన్ చారిత్రక ప్రసంగం చేశారు. అదే ఏడాది డిసెంబరు 16న పాకిస్థాన్ సైన్యం లొంగిపోయింది కూడా అక్కడే. స్థలాన్ని ఇచ్చేది అధికారమైనా, దానికి అర్థాన్ని ఇచ్చేది ప్రజలేనని ఈ చరిత్ర చెబుతున్నది.

పండుగ మూలంలో సైతం ఈ రెండు చేతులూ కనిపిస్తాయి. అక్బరు పాలనలో శిస్తు వసూలును పంటకాలంతో సరిపుచ్చడానికి చేసిన సంస్కరణ నుండి బెంగాలీ శకం రూపుదిద్దుకున్నదనేది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. తెలుగునాట రెవెన్యూ కచేరీలకు సుపరిచితమైన ఫసలీ కూడా ఆ సంస్కరణ సంతానమే. ఇక్కడ ఫసలీ జమాబందీ లెక్కలకు పరిమితమైంది. అక్కడ శిస్తు సంవత్సరం వర్తకుల కొత్త ఖాతా పుస్తకాల మీదుగా సాగి, పాటగా, పండుగగా మారింది. 1980ల నుండి ఆ పూట పులస జాతి ఇలిష్ చేపతో కలిపి తింటున్న ‘పాంతా భాత్’ మరేమిటో కాదు, రాత్రి నీళ్లు పోసి ఉంచిన మన చద్దన్నమే.

తలుపులు లేని చోటికి పాట వినేవారితో పాటు ప్రాణాలు తీసేవారూ రాగలరు. 2001 ఏప్రిల్ 14 ఉదయం కార్యక్రమం సాగుతుండగా బాంబులు పేలి పది మంది మరణించారు. విచారణ న్యాయస్థానం తీర్పు వెలువడడానికి 2014 దాకా, దానిపై హైకోర్టు నిర్ణయానికి 2025 దాకా పట్టింది. న్యాయం కోసం పాట ఆగలేదు. మరుసటి ఏడాదే గాయకులు అదే చెట్టు కిందికి వచ్చారు. 1971లో యుద్ధం, 2020, 2021లలో మహమ్మారి మాత్రమే ఆ వేదికను మూగబోయేలా చేయగలిగాయి.

అటుపై తనిఖీ ద్వారాలు వచ్చాయి, నిఘా పెరిగింది. బహిరంగ కార్యక్రమాలను సాయంత్రం 5 గంటలకల్లా ముగించాలని కొన్ని సంవత్సరాలు ఆదేశాలు వెలువడ్డాయి. సమీపంలోని చారుకళా విభాగం నుండి 1989లో మొదలై, 2016లో యునెస్కో గుర్తింపు పొందిన ఊరేగింపు ముఖాలకు ముసుగులు ధరించరాదనే ఆంక్షను ఎదుర్కొన్నది. మంగళ శోభాయాత్ర అనే దాని పేరు కూడా 2025లో మారింది. పది మంది ప్రాణాలు పోయిన తరువాత ఏ పాలనాధికారీ నిర్లిప్తంగా ఉండలేడు. రక్షణ లేకపోతే తల్లి బిడ్డను తీసుకురాదు. కానీ రక్షణే ప్రధానమైతే, గుంపు నుండి వేరుపడి ఒక్కొక్కరుగా పరీక్షకు నిలబడినవారే లోపలికి చేరతారు. ఎవరినీ ఎవరని అడగకపోవడమే ఆ ఉదయం విశిష్టత.

ప్రభుత్వాలు ఉత్సవాలను నిర్వహించగలవు. వేదిక, విద్యుద్దీపాలు, ప్రముఖుల ఆసనాలు సమకూర్చగలవు. తెల్లవారుజామున జనాన్ని తమంతట తాము నిద్ర లేచేలా చేయడం మాత్రం వాటికి సాధ్యం కాదు. అందుచేత ఇటువంటి సందర్భాలలో అధికారం వహించవలసిన పాత్ర పొలానికి గట్టు వంటిది. నీరు పొరలిపోకుండా ఆపవలసిందే. అయితే గట్టు ఎంత వెడల్పయితే పంట నేల అంత తగ్గుతుంది. ఆ కొలత ఏ ఉత్తర్వులోనూ ఉండదు. ప్రతి ఏటా, ప్రతి తోటలో, దానిని కొత్తగా నిర్ణయించుకోవలసిందే.