అమెరికాలో పాత తెరచాప పడవ బాగుచేసిన సంగతి

అమెరికా నుంచి వచ్చి పది రోజులైంది. నారుమడి పనుల్లో పడి ఏమీ రాయలేదు. "మూడున్నర నెలలు అక్కడ ఏం చేశావయ్యా, నయాగరా చూశావా?" అని కనపడ్డ ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. నయాగరా చూడలేదండి. మా అబ్బాయీ నేనూ కలిసి ఓ పాత తెరచాప పడవ లోపలంతా ఊడదీసి మళ్ళీ కట్టాం. దాని గురించే ఈ పోస్టు. కాస్త పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

మావాడు ఉండేది మేరీల్యాండ్ రాష్ట్రంలో, అన్నాపొలిస్ అనే ఊరి దగ్గర. పక్కనే చీసపీక్ బే అని పెద్ద అఖాతం ఉంది. నదుల నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసే చోటు. మన కోరంగి దగ్గరలాగే అటు ఉప్పూ కాదు, ఇటు చప్పనా కాదు. మనకి మోటారు సైకిళ్ళు ఉన్నట్టు అక్కడివాళ్ళకి పడవలుంటాయి. 1960ల నుంచి 80ల దాకా ఆ దేశంలో ఫైబర్ పడవలు వేలకి వేలు కట్టి అమ్మారు. ఆ ఫైబర్ ఒళ్ళు యాభై ఏళ్ళైనా గట్టిగానే ఉంటుంది, లోపలి చెక్కపనే పాడవుతుంది. అందుకే పాతవి చవగ్గా వస్తాయి. మావాడు 1978లో కట్టిన 27 అడుగుల పడవని 3,500 డాలర్లకి కొన్నాడు. మన లెక్కలో 3 లక్షలు, అంటే ఓ పాత ట్రాక్టరు ధర.

లోపల ఎలా ఉంటుందంటే, మన ఎద్దులబండి మీద గూడు వేసి అందులోనే కాపురం పెట్టినట్టు ఉంటుంది. రెండు పక్కలా బల్లలు, పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి. ఓ మూల పొయ్యి, చిన్న సింకు. ముక్కు భాగంలో మూడు మూలల పరుపు. తలుపు లాగగానే తడిసిన ఊక వాసన, దానికి తోడు డీజిలు, బూజు. మా కోడలు అప్పటికే పరుపులకి గుడ్డ తెప్పించేసింది. "లోపల తెల్లరంగు వేసి, పరుపులు కుట్టేసి, మే నెలాఖరుకి నీళ్ళలో దింపేద్దాం మావయ్య గారూ" అంది. ఆరేళ్ళ మనవరాలు పడవకి పేరు కూడా ఆలోచించి పెట్టుకుంది.

నేను వెళ్ళేటప్పటికి మార్చి మొదటివారం. చలికాలమని పడవని ఒడ్డున ఇనప జాకీల మీద నిలబెట్టి, తెరచాప స్తంభం దించి పక్కన పడుకోబెట్టారు. లోపల టార్చి వేసి చూస్తుంటే ఎడమవైపు ప్లైవుడ్ అడ్డుగోడ మీద పైనుంచి కిందికి టీ డికాషన్ కారినట్టు ఓ మరక కనపడింది. సుత్తి పిడితో తట్టాను. కుడివైపు గోడ ఠంగుమంది, ఎడమది బద్దుగా దబ్బుమంది. పనసకాయ తట్టి చూసే చేతులకి ఆ తేడా ఒకరు చెప్పాలా! స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే పిడిదాకా దిగిపోయింది. పైకి మాత్రం నున్నగా మెరుస్తోంది. అంతకుముందు పడవ ఉన్నాయన కుళ్ళిన చెక్క మీద పల్చటి కొత్త పలక అతికించి వార్నిష్ కొట్టి అమ్మేశాడు. ఎర్రముక్కు పురుగు తిన్న కొబ్బరిచెట్టు మొవ్వ వాలేదాకా పచ్చగానే కనపడుతుంది కదా, అలాగన్నమాట.

ఈ గోడ కుళ్ళితే ఏం పోయింది అనుకోవచ్చు. కరెంటు స్తంభానికి స్టే వైరు ఉంటుంది చూశారా? తెరచాప స్తంభానికీ రెండు పక్కలా అలాంటి స్టీలు తీగలుంటాయి. గాలి తెరచాపని తోసినప్పుడు ఆ బరువంతా తీగ మీద పడుతుంది. ఆ తీగ కింది కొస ఓ స్టీలు పట్టీకి ఉంటుంది, దాన్ని చైన్ ప్లేటు అంటారు. ఈ పడవలో ఆ పట్టీ డెక్కులోంచి కిందికి దిగి, బోల్టులతో ఈ ప్లైవుడ్ గోడకే బిగించి ఉంది. బోల్టు పట్టుకోవలసిన చెక్క పిండైపోతే స్తంభాన్ని పట్టుకునేది ఏమిటి? నా మనవరాలు ఆ స్తంభం కిందే కూర్చుంటుంది.

ఇంకో సంగతి అక్కడే తెలిసింది. పడవల్లో చెక్కని చెడగొట్టేది ఎక్కువగా సముద్రం నీరు కాదు, వాన నీరు. ఉప్పు బూజుని పెరగనివ్వదు. పైనుంచి బోల్టు సందుల్లోంచి చుక్కచుక్కగా దిగే మంచినీరే కుళ్ళబెడుతుంది. ఆ రేవులో ఇరవై ఏళ్ళుగా పడవలు బాగుచేసుకుంటున్న ఓ ముసలాయన మాకు ఇది చూపించి చెప్పాడు.

మావాడికి ఇదంతా నచ్చలేదు. ఆఫీసు చేసుకుంటూ శని ఆదివారాలే పని, డబ్బు అప్పటికే అయిపోయింది. "నాన్నా, దాని మీద ఇంకో షీటు బిగించేద్దాం. గట్టిగాలి ఉన్నప్పుడు వెళ్ళంలే" అన్నాడు. "ఒరేయ్, గాలి నిన్నడిగి వస్తుందా?" అన్నాను. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా ఆవిడైతే "వచ్చిన కాడికి చూసి పోదాం, వాళ్ళ సంసారంలో వేలు పెట్టకండి" అని నన్నే తిట్టింది. శనివారం పొద్దున్నే వాడే కోత మిషను కారులో పెట్టుకుని "రా నాన్నా" అన్నాడు. కారులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

గోడ ఊడదీయడానికే రెండు వారాంతాలు పట్టింది. చెక్కకీ ఫైబరుకీ కలిపి వేసిన పాత పట్టీలని రుబ్బి తీయాలి. ఆ దుమ్ము ఒంటి మీద పడిందంటే దూలగొండి రాసుకున్నట్టే. మూతికి మాస్కు, ఒంటినిండా బట్ట లేకుండా ఆ పని ముట్టుకోకండి.

కొత్త గోడకి కొలతలు తీయడం ఇంకో తంటా. పడవలో ఎక్కడా మట్టం లేదు, మూలమట్టం లేదు, అంతా వంపే. అట్టముక్కలు ఒకదానికొకటి అతికిస్తూ వంపు ప్రకారం నమూనా చేశాం. దాన్నిబట్టి 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ కోశాం. అంచులన్నిటికీ ఎపాక్సీ పూశాం, ఎందుకంటే ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచుల్లోంచే. గోడని పడవ ఒంటికి తగలనివ్వకూడదు, కాస్త ఖాళీ వదిలి మెత్తటి నురుగు పెట్టాలి. లేకపోతే అలల దెబ్బకి అంచు నొక్కుకుని ఒళ్ళు అక్కడ ఉబ్బుతుంది. దాని మీద గాజుగుడ్డ పట్టీలు ఎపాక్సీతో రెండువైపులా వేయాలి. ఈ ఎపాక్సీ చలికి గట్టిపడదు, అందుకని ఏప్రిల్ దాకా ఆగాం. పోనీ ఎక్కువ కలిపి లోతు డబ్బాలో ఉంచితే సున్నం ఉడికినట్టు వేడెక్కి పొగలొస్తుంది. కొంచెం కొంచెం కలుపుకోవడమే మేలు.

అసలు పని డెక్కు మీద. డెక్కు పైనా కిందా ఫైబరు, మధ్యలో బాల్సా అని మన జీలుగు బెండులాంటి తేలిక కర్ర. చైన్ ప్లేటు చుట్టూ ఆ కర్ర తడిసి ముద్దైపోయింది. దాన్ని గోకి తీసి, ఆరబెట్టి, ఆ ఖాళీ అంతా చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీలోంచే కొత్త సందు కోశాం. రేపు పైన జిగురు టేపు పాడై నీరు దిగినా కర్రకి తగలదు. ఇలా ఆ పడవ మీద ప్రతి బోల్టుకీ చేయాలి. మేం పదకొండింటికి చేయగలిగాం.

జూన్ మొదటివారంలో నీళ్ళలో దింపారు. ముందురోజు రాత్రి పెద్దవాన. పొద్దున్నే వెళ్ళి నేనూ మావాడూ చెరో టార్చితో ఎడమగోడ అంతా తడిమి చూశాం, పొడిగా ఉంది. తెల్లరంగు సగమే పడింది, పరుపులు ఒక్కటీ కుట్టలేదు. మనవరాలు ఉత్త ప్లైవుడ్ బల్ల మీద దుప్పటి పరుచుకుని పడుకుంది.

నిన్న వీడియో కాల్లో మావాడు పొయ్యి పైన కిటికీ చూపించాడు. దాని కింద సన్నటి మరక, టీ రంగే. ఈ చలికాలం ఆ ఫ్రేము ఊడదీస్తాడట.